తెలుగు అయ్యవార్ల పెద్దదిక్కు : గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రమును వ్రాసి యిమ్మని కార్యవర్గము వారు నన్ను కోరిరి. గ్రామపు లెక్కలు చూచుకొనుచు, తీరిక చిక్కిన రాత్రులందు భారత భాగవతములను, ప్రబంధములను గురుముఖము లేకయే నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదువుకొన్నవాడను గనుక, ఏ కవిసార్వభౌముని గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను ఒక బడిపంతులును ఎన్నుకొంటిని. సాయంకాలమున మన గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండువారిలో బడిపిల్లలును, వారికి తెలుగు చెప్పు అయ్యవార్లును మొదటివారు. పిల్లవాడు తెలుగు వ్రాయుటకు పడు పాట్లను, అయ్యవారు తెలుగు నేర్పుటకు పడు పాట్లను ఒక్కచో చూచి, రెంటికిని మూలమొక్కటే యని కనిపెట్టి, తన జీవితపు ఉత్తరార్ధమునంతయు దానికే వెచ్చించిన పురుషుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వ్యావహారిక భాషకై పోరాడిన మహనీయుని చరిత్రమును గ్రాంథికమున వ్రాయుట యేమని మన యువకులు నవ్వవచ్చును. పంతులుగారు గ్రాంథికము వచ్చినవానిని వ్రాయవలదని ఎన్నడును అనలేదు. రానివానిచేత దానిని బలవంతముగా వ్రాయింపవలదనియే వారి వాదము. గ్రాంథికమున దోషములు వెదకుటలో వారికి సాటి మఱొకరు లేరు. వారి కన్నులబడని కాలమున వ్రాయుచుంటిని గనుక నేను ధైర్యముగనే యున్నాను.

పంతులుగారు 1863 వ సంవత్సరము ఆగస్టు 29 వ తేదీన, నేటి శ్రీకాకుళము జిల్లాలో శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీరరాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు రెవెన్యూ ఉద్యోగులు. ఆయన చోడవరమునకు బదిలీయై 1875 లో విషజ్వరమున అచ్చటనే కాలధర్మము నొందిరి. కుమారునకు అప్పటికి పండ్రెండేండ్లైనను సరిగా నిండలేదు. బంధువుల యింట నుండి విజయనగరము మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదివి 1879 లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. ఆ యేడే వివాహమైనది. తరువాతి కాలమున కన్యాశుల్క కర్తగా ప్రసిద్ధులైన గురజాడ అప్పారావుగారితో చెలిమి కూడ ఆ చిన్ననాటిదే. 1880 లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతికి చరిత్రము బోధించు ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. పదునేడేండ్ల ప్రాయమున బెత్తము చేతబట్టిన ఆ యువకుడు ముప్పది యేండ్లు బడిని విడువలేదు.

పై చదువులన్నియు ఉద్యోగము చేసికొనుచు సొంతముగ చదివినవే. 1886 లో ఎఫ్.ఏ. ముగించిరి, పిదప బి.ఏ. పట్టమును సంపాదించిరి. పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు పై తరగతులకు చెప్పు అర్హత వారికి అట్లు కలిగినది. ముఖలింగ దేవాలయపు గోడలమీది శాసనములను చదువవలెనని కోరిక పుట్టగా, చెప్పువారు లేకున్నను ప్రాచీన లిపుల పట్టికలు చూచుకొని లిపిశాస్త్రమును నేర్చి, ఆ శాసనములను తామే చదివిరి. ఇది కేవలము వినోదముగా ముగియలేదు. శాసనపు రాతిమీద కవి యుండడు. దానము చేసినవాడును, పుచ్చుకొన్నవాడును, హద్దులు చెప్పిన గ్రామస్థులును ఉందురు. వారు మాటలాడిన తెలుగు అచ్చటచ్చట రాతికెక్కి యున్నది. పద్యములలోని తెలుగు వేఱు, జనుల తెలుగు వేఱు అను ఎఱుకకు ఆ రాళ్లు వారికి తొలి సాక్ష్యములై యుండునని నా తలంపు.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. సంతకు దిగివచ్చిన సవరల మాట క్రింది ఊళ్ల వ్యాపారికి తెలియదు. కాగితము మీద వ్రాసినదేమో సవరకు తెలియదు. ఈ రెండు తెలియములకు నడుమ సవర నష్టపోవుచుండెను. వీరికి చదువు చెప్పవలెనని పంతులుగారు సంకల్పించిరి. చెప్పుట ఏ భాషలో? తెలుగులో చెప్పిన వారికి తెలియదు. అందుచేత ముందు తామే సవరభాష నేర్వవలెనని నిశ్చయించి, తెలుగును సవరయు తెలిసిన యొకనిని తమ యింటనే ఉంచుకొని అతనియొద్ద శిష్యరికము చేసిరి. ఉన్నత పాఠశాలలో పాఠములు చెప్పు పంతులు ఒక కొండవాని ఎదుట కూర్చుండి అక్షరాభ్యాసము చేయుట ఆనాటి గృహస్థుల కెంత వింతయై యుండునో పాఠకులు ఊహింతురుగాక!

ఆ భాష సులభమైనదియు కాదు. అది తెలుగునకు చుట్టము కాదు, ఒడియకును కాదు. సంతాలీ, ముండారీ భాషలకు తోబుట్టువు. మన అక్షరమాలకు అందని అచ్చులు దానిలో కలవు. కంఠమున ఊపిరిని తటాలున నిలిపి పలుకు ధ్వనులు కలవు. దానికి ఆనాడు లిపి లేదు, వ్యాకరణము లేదు, పుస్తకమన్నది లేదు. పంతులుగారు కొండలలో కాలినడకను తిరిగి మాటలు, కథలు, పాటలు సేకరించిరి. సవరలో వాచకములు వ్రాసిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టి, అయ్యవార్లకు జీతములు తామే ఇచ్చిరి. జీతము మీద బ్రతుకు ఉపాధ్యాయుడు మఱి కొందఱు ఉపాధ్యాయులకు జీతమిచ్చుట! లెక్కలు వ్రాయువాడను గనుక ఈ పద్దు దగ్గర నా కలము కొంతసేపు ఆగినది.

ఆ తిరుగుటలో మలేరియా పట్టినది. జ్వరమునకు మ్రింగిన కొయినా చెవులను హరించినది. ధ్వనుల సూక్ష్మభేదములను వినుటయే పనిగా పెట్టుకొన్న వానికి చెవుడు వచ్చుటకంటె కఠినమైన విధివిలాసము మఱియొకటి నాకు తోచదు. అట్లయ్యును ఆ పనిని విడువక సాగించిరి. ప్రభుత్వము వారు 1913 లో రావుబహద్దరు బిరుదము నిచ్చిరి. ఇంచుమించు ముప్పదియైదేండ్ల శ్రమ ఫలించి సవరభాషా వ్యాకరణము ఆంగ్లమున 1931 లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938 లోను మద్రాసు ప్రభుత్వముచే అచ్చు వేయబడినవి. 1934 లో కైజర్-ఇ-హింద్ పతకము వచ్చినది.

సవరల సంగతిని ఇంతగా ఏల చెప్పితిననగా, తెలుగు విషయమున పంతులుగారు తరువాత చేసిన వాదమంతయు ఈ కొండబడులలోనే పుట్టినదని నేను నమ్ముదును. బిడ్డకు తెలిసిన భాషలో మొదలుపెట్టవలెనని సవర బాలుని విషయమున వారికి అనుభవమైనది. ఆ కన్నులతో చూచినప్పుడు తెలుగు బాలుని స్థితి మాత్రము మెఱుగుగా ఉండెనా? ఇంటిలో ఒక తెలుగు, పలకమీద వేఱొక తెలుగు.

ఆనాటి తరగతి ఎట్లుండెనో నేటివారికి కొంచెము చెప్పవలెను. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853 లోను, బాలవ్యాకరణము 1858 లోను వెలువడినవి. రెండును మహాగ్రంథములే. కాని ఆ వ్యాకరణమునకు ఆధారము పద్యకావ్యముల భాష. దానిని కొలబద్దగా చేసికొని బడిపిల్లల వచనమును కొలువసాగిరి. పిల్లవాడు నిన్న సంతకు వెళ్లాను అని నోట చెప్పును. కాగితము మీద పోయితిని అని వ్రాయవలెను. వ్రాసినంత మాత్రమున చాలదు. ద్రుతము వచ్చినచోట తరువాతి పరుషము సరళము కావలెను. అరసున్న ఎచ్చట నుండునో, బండి ఱ ఎచ్చట వచ్చునో కంఠస్థము కావలెను. (ఈ వ్యాసమున అరసున్నలు లేకుండుటకు కారణము వేఱు. అచ్చుకూర్చు కుఱ్ఱవాడు వానిని సగము చెఱిగిపోయిన నిండుసున్నలని భ్రమించి దిద్దివేయును.) ఇట్టి వ్యాసరచనలో పిల్లవాని మనసు చెప్పవలసిన విషయము మీద నిలుచునా, తప్పు మీద నిలుచునా? అయ్యవారి యెఱ్ఱసిరాకు జడిసి తనకు తెలిసిన దానిలో పదవవంతు కూడ వ్రాయడు. అయ్యవారి కష్టమును తక్కువ కాదు. ఆయన నోటితో పాఠము చెప్పునది వ్యావహారికముననే. దిద్దునది మాత్రము గ్రాంథికమున.

1907 ప్రాంతమున యేట్సు దొర ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చెను. చిన్న తరగతులలో తెలుగు పండితులు చెప్పు పాఠము ఆయనకు విచిత్రముగా కనిపించినది. జనులాడు భాషకును, పుస్తకముల భాషకును ఇంత యెడము ఏల యని విశాఖపట్టణములో ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. ఇందుకు సమాధానము చెప్పదగినవారు విజయనగరమున అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు అని అయ్యంగారు చూపిరి. దొర అడిగిన ప్రశ్నకు మన పంతులుగారు జీవితాంతము సమాధానము చెప్పుచునే యుండిరి. దొర దిగి వచ్చి మన భాషను మార్చెనని ఆనాడు ఆక్షేపించినవారు కలరు. అది న్యాయము కాదు. కన్యాశుల్కము 1892 లోనే విజయనగరమున ఆడబడి, 1897 లో అచ్చుపడినది. దొర రాకకు ముందే వాడుకభాష రంగస్థల మెక్కినది. బడిలోనికి మాత్రము రాలేదు.

ఈ నలువురి ఆలోచన తొలుత అయ్యవార్లకు సంబంధించిన దనునది మఱచిపోరాదు. కవులను సంస్కరింప బయలుదేరినవారు కారు. తెలుగు ఎట్లు బోధింపవలెను, పిల్లలచేత ఎట్లు వ్రాయింపవలెను అనునదే వారి ప్రశ్న. పంతులుగారు పాశ్చాత్య దేశములలో నూతనముగా వెలువడుచుండిన భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివిరి. భాష యొక్కటే రూపున నిలుచునది కాదనియు, వ్యాకర్త ప్రయోగమును చూచి సూత్రము చేయును గాని సూత్రమును చూచి జనులు మాటలాడరనియు వారికి దృఢమైనది. 1911 లో ఉద్యోగవిరమణము చేసిరి. చాలమంది పంతుళ్లకు విశ్రాంతి మొదలగు వయస్సున వీరికి యుద్ధము మొదలైనది.

1912 లో ప్రభుత్వము వారు స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని విద్యార్థి తన యిష్టము చొప్పున వ్రాయవచ్చునని ఉత్తరువు చేసిరి. శెట్టి లక్ష్మీనరసింహముగారి గ్రీకు పురాణ కథలు, వేదము వేంకటాచలయ్యగారి విధిలేక వైద్యుడు మొదలైన వాడుకభాషా గ్రంథములు పఠనీయములుగా చేరినవి. వెంటనే దేశమంతయు ఉడికినది. 1911 లోనే జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసియుండెను. జమీందారుల అండయు, పండితుల అండయు, పత్రికల అండయు ఆ పక్షమున కలదు. సభలు జరిగినవి, మహజరులు పోయినవి. మద్రాసు విశ్వవిద్యాలయము వారు వ్యాసరచన విషయమును విచారింప సంఘమును ఏర్పఱచిరి. అందు అప్పారావుగారు తమ భిన్నాభిప్రాయమును సుదీర్ఘముగా వ్రాసి యిచ్చిరి. ఫలితము లేకపోయినది. 1914 లో ప్రభుత్వము తన ఉత్తరువును రద్దుచేసినది. మరుసటి యేడు నవంబరు 30 వ తేదీన అప్పారావుగారు పరమపదించిరి.

రామయ్య పంతులుగారి పక్షమును తేలికచేసి వ్రాయుట నేటి వాడుక. నాకది సమ్మతము కాదు. విశాఖపట్టణపు మాట నెల్లూరువానికి క్రొత్త, కడపమాట గంజామువానికి క్రొత్త. అందఱకు ఉమ్మడిగనున్నది గ్రంథభాష యొక్కటే, దానిని విడిచినచో ఎవరి మాటను వ్రాతకెక్కింతుము, నన్నయతిక్కనలను రేపటి బిడ్డలెట్లు చదువుదురు అనునవి వారి శంకలు. ఈ శంకలలో మొదటిదానికి పంతులుగారు సమాధానము చెప్పిరి. పామరుల మాటనెల్ల యథాతథముగ వ్రాయుడని వారనలేదు. చదువుకొన్నవారు, పలు జిల్లాలవారు ఒక్కచో చేరినప్పుడు పరస్పరము మాటలాడుకొను శిష్టుల వ్యావహారికము ఒకటి అప్పటికే ఏర్పడియున్నదని, అదియే వ్రాతకు తగినదని వారి సిద్ధాంతము. రెండవ శంక మాత్రము ఈనాటికిని నన్ను వేధించుచున్నది. నేటి బడిపిల్లలు తమ మాటలలో చక్కగా వ్రాయుచున్నారు గాని పోతనగారి పద్యమునకు అన్వయము చెప్పలేకున్నారు. అయితే ఈ నేరమును పంతులుగారిపై మోపుట తగదు. కావ్యములను కావ్యములుగా చదువుడు, వ్యాసమును మీ భాషలో వ్రాయుడు అని రెండు పనులను వారు వేఱుచేసిరి. మనము రెండవదానిని గ్రహించి మొదటిదానిని జాఱవిడిచితిమి.

ఉత్తరువు పోయినది. ఆధికారికముగ ఓటమియే. ఏబదియేండ్లు దాటిన చెవిటి పంతులు, పింఛనుమీద బ్రతుకువాడు, ఇట్టిచోట ఊరకుండుట లోకధర్మము. వీరు మూటగట్టుకొని ఊరూరు తిరుగసాగిరి. ఆ మూటలో నున్నవి పుస్తకములు. వారి వాదపద్ధతి విలక్షణమైనది. వాడుకభాష మంచిదని స్తోత్రము చేయుట మాత్రమే గాక, గ్రాంథికవాదుల గ్రంథములనే తెఱచి, వారు ప్రాణప్రదముగా భావించు బాలవ్యాకరణము ప్రకారము ఎన్ని తప్పులున్నవో పుటసంఖ్యతో చూపుచుండిరి. 1916 లో కొవ్వూరున జరిగిన పండిత సభకు వారిని పిలిచిరి. గంటలకొలది మాటలాడి, ప్రసిద్ధ గ్రంథకర్తల వచనములనుండియే ఉదాహరణములు వరుసగా చూపి, నిర్దుష్టమైన గ్రాంథిక వచనము వ్రాసినవాడు ఆ కాలమున ఒక్కడును లేడని నిరూపించిరి. వాదమున గెలుచుట వారి కోరిక కాదు. నిఘంటువులు, వ్యాకరణములు ఎదుట బెట్టుకొని వ్రాసిన మహాపండితులే తప్పించుకొనలేని ఉరిని పదునాలుగేండ్ల పిల్లవానికి పరీక్షగదిలో తగిలించుట న్యాయమా యని ఆ నిరూపణమునకు అర్థము.

వారి సాక్ష్యములలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది మఱొకటి కలదు. పూర్వులు వచనమును వాడుకభాషలోనే వ్రాసిరనుటకు వారు శాసనములను, టీకలను, స్థానిక చరిత్రములను, కైఫీయతులను వెదకి చూపిరి. కైఫీయతులు చాలవఱకు గ్రామకరణముల నోటను, కవిలెలలోను ఉండిన సంగతులు గదా! మా వృత్తివారు చిట్టా యావర్జాలయందు, హద్దుల వివాదములయందు ఏ కాలమునను ద్రుతసంధి చేసినవారు కారు. పొలముగట్టు ఎవరిదో రైతునకు తెలియునట్లు వ్రాసిరి. పండితులు అపభ్రంశమని త్రోసివేసిన ఆ కాగితములే తెలుగు వచనమునకు వంశవృక్షమని పంతులుగారు నిలిపినప్పుడు మా పూర్వుల లేఖినికి కొంత గౌరవము దక్కినది. ఈ పరిశ్రమయే గద్యచింతామణి యను గ్రంథముగ రూపొందినది.

వీరేశలింగము పంతులుగారి విషయము తలచినప్పుడెల్ల నాకు వారియెడ భక్తి హెచ్చును. తెలుగు వచనమునకు తిక్కన యని పేరుపొందిన ఆయన మొదట గ్రాంథిక పక్షముననే యుండిరి. ఆయన వచనములోని దోషములను సభలలో ఎత్తిచూపినవారు రామమూర్తిగారు. అట్టి వీరేశలింగముగారు 1919 లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులుగా నుండ నంగీకరించిరి. డెబ్బదియేండ్ల ప్రాయమున, ఏబదియేండ్ల కీర్తిని తెచ్చిన భాషను విడిచి, తన తప్పులు పట్టినవానితో చేయి కలుపుట సామాన్యులకు సాధ్యమా? ఆ యేడే మే నెల 27 వ తేదీన ఆయన స్వర్గస్థులైరి.

అదే సంవత్సరమున పంతులుగారు తెలుగు అను పేర మాసపత్రికను స్థాపించిరి. అయ్యవార్లకు దీనిని మించిన ఉపకారము వారు మఱియొకటి చేయలేదని నా అభిప్రాయము. పల్లెటూరి బడిలో పనిచేయు ఉపాధ్యాయునకు తన మనసులో సందేహమున్నను, తనిఖీకి వచ్చిన అధికారికిని, పండితునకును బదులు చెప్పు సామగ్రి యెక్కడిది? ఆ పత్రిక ఆ సామగ్రిని ఇచ్చినది. భాష ఎట్లు మారును, పూర్వకవుల ప్రయోగములు వ్యాకరణమును మీఱి ఎట్లున్నవి, చేసినాడు అనునది చేశాడు అగుటలో తప్పేమి యని శాస్త్రీయముగ బోధించుచు వారు పాఠములవంటి వ్యాసములను, ఉపన్యాసములను ప్రకటించిరి. పత్రిక ఒక్క యేడు మాత్రమే నడిచినది. చందాదారుల లెక్క నాకు తెలియకున్నను, ఇట్టి పత్రికలు ఏల నిలిచిపోవునో గ్రంథాలయము నడుపువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. నిలిచిపోయినను చెదరిపోలేదు. వారి వ్యాసములు వ్యాసావళిగా కూడినవి. యువకవుల ప్రయోగములు తప్పులని వెక్కిరించినవారికి ప్రాచీనుల ప్రయోగములతోనే సమాధానము చెప్పిన బాలకవి శరణ్యము, పండితుల చికిత్సకే చికిత్సచేసిన ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము, ఆంగ్లమున అధికారులకై వ్రాసిన ఆధునికాంధ్ర విజ్ఞాపనము ఇవి యన్నియు ఆయుధాగారమువంటివి. భేషజము పేరులోని చమత్కారమును గ్రహించినచో పంతులుగారు ఎంత చిలిపివారో కూడ తెలియును.

పండితులలో కొందఱు క్రమముగ వారివైపు తిరిగిరి. 1933 లో రాజమహేంద్రవరమున వారి సప్తతి మహోత్సవము జరిగినది. శిష్యులును మిత్రులును వ్యాససంపుటమును సమర్పించిరి. తాపీ ధర్మారావుగారు జనవాణిలో సంపాదకీయములను సైతము వాడుకభాషలో వ్రాసిరి. కథకులును, నవలాకారులును అప్పటికే ఆ దారి పట్టియుండిరి. బడి మాత్రము అన్నిటికంటె వెనుక కదలినది. ఎచ్చట సమస్య పుట్టినదో అచ్చటికి పరిష్కారము కడపట చేరుట మన దేశమున క్రొత్త కాదు. పాఠ్యపుస్తకములు పూర్తిగా వ్యావహారికములగుటకు వారి మరణానంతరము దశాబ్దములు పట్టినది.

1936 ఏప్రిలు 1 వ తేదీన ఒడిషా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరినది. ఆ ప్రాంతపు తెలుగువారి పక్షమున పంతులుగారు ఎంత వాదించినను జరుగవలసినది జరిగిపోయినది. ఐదు దశాబ్దములకు పైగా నివసించిన ఊరిని, తాము పెట్టిన సవర బడుల ప్రాంతమును విడిచి రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. డెబ్బదిమూడవ యేట ఇల్లు మార్చుట యనిన ఏమో వృద్ధులకు తెలియును. విచిత్రమేమన, అదే 1936 లో సవరలలో మంగెయి గొమాంగో అనునతడు తమ భాషకు సొంత లిపిని సృష్టించెను. లిపి లేని భాష యని పంతులుగారు తెలుగు అక్షరములతో ఉపచరించిన భాష, వారు ఆ కొండలను విడిచిన సంవత్సరముననే తన అక్షరములను తాను దిద్దుకొన్నది.

1940 జనవరిలో మద్రాసునందు పత్రికా సంపాదకుల నొకచో కలసికొని, పత్రికలలో వాడుకభాషను వాడవలసినదని చివరి విన్నపము చేసిరి. తరువాత వారము దినములకే, జనవరి 22 వ తేదీన, ఆ నగరముననే తనువు చాలించిరి. కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రిగారి బాటలోనే సవరభాషా పరిశ్రమను, తెలుగు పరిశ్రమను సాగించి 1969 వఱకు జీవించిరి.

పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29 ని ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. దండలు వేయుదురు, ఉపన్యాసములు జరుగును. వానికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించిన వార్త మఱొకటి కలదు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున ఆంధ్రదేశపు గిరిజన బడులలో పిల్లలకు వారి వారి మాతృభాషలలోనే మొదటి చదువు చెప్పు ఏర్పాటును ప్రభుత్వము ప్రారంభించినది. ఆ భాషలలో సవర యొకటి. తెలుగు లిపిలో అచ్చైన సవర వాచకములు శ్రీకాకుళపు కొండబడులకు చేరినవి. పంతులుగారు తమ జీతపురాళ్లతో మొదలుపెట్టిన పనికి అప్పటికి ఇంచుమించు నూఱేండ్లు.

మన గ్రంథాలయమున తెలుగు చెప్పు ఉపాధ్యాయులకై ప్రత్యేకించిన బీరువాలో, క్రింది అరలో, బాలవ్యాకరణము ప్రక్కన వ్యాసావళి యున్నది. నేను ఈ వ్యాసము వ్రాయుటకై తెచ్చుకొంటిని. సంచిక వెలువడు దినమునకు తిరిగి చేర్చెదను. అది వాడుకభాషలో వ్రాసిన పుస్తకము. పదవ తరగతి పిల్లలును సులభముగ చదువగలరు.